పదో నంబరు జెండా, రెండు మార్కుల ప్రశ్న

ఈ ఎపిసోడ్‌ని ఒక చిన్న ప్రశ్నతో మొదలుపెడతాను. తుఫాను వచ్చినప్పుడల్లా టీవీలో కింద స్క్రోలింగ్ నడుస్తుంది కదా, మచిలీపట్నం పోర్టులో ఎనిమిదో నంబరు ప్రమాద హెచ్చరిక అని, కాసేపాగి తొమ్మిదో నంబరు అని, పదో నంబరు అని. ఎనిమిది కంటే తొమ్మిది పెద్ద ప్రమాదం, తొమ్మిది కంటే పది ఇంకా పెద్దది. అంతేగా?

కాదండీ. ఎనిమిది, తొమ్మిది, పది, ఈ మూడూ ఒకే రకం తీవ్రమైన తుఫానుకి వేసే నంబర్లు. తేడా ఉన్నది దిక్కులో. తుఫాను వెళ్ళే దారికి పోర్టు ఎడమ పక్కన పడితే 8. కుడి పక్కన పడితే 9. సరిగ్గా పోర్టు మీద నుంచో, బాగా దగ్గర నుంచో పోతుందనుకుంటే 10. దీని కింద 5, 6, 7 కూడా ఇదే వరస, కాకపోతే ఆ తుఫాను అంత తీవ్రమైంది కాదు. ఇక 11 అంటే అన్నిటికంటే పెద్ద తుఫాను అనుకునేరు. వాతావరణ కేంద్రంతో సంబంధాలు తెగిపోయాయని దాని అర్థం.

ఎడమ, కుడి అని అంత పట్టింపు ఎందుకు? దానికి ప్రాణాల లెక్క ఉంది. ఆ లెక్క దగ్గరికి కాసేపట్లో వద్దాం. నేను చెప్పొచ్చేదేంటంటే, ఏడో తరగతి పిల్లాడికి ఒక పీరియడ్‌లో చెప్పేయగల విషయం ఇది. నేను గుడివాడలో చదువుకున్నవాణ్ణి. తర్వాత బీటెక్ చేశా, కొన్నేళ్ళు కోడ్ రాశా. ఇన్నేళ్ళ చదువులో తుఫాను అనగా నేమి అని అడిగారు, అల్పపీడనం నిర్వచించుము అని అడిగారు. జెండా నంబరు అర్థం ఏంటని ఏ క్వశ్చన్ పేపరూ అడగలేదు. పేపరు అడగనిది క్లాసులో చెప్పరు. ఈ ఎపిసోడ్ మొత్తం ఆ ఒక్క ముక్క చుట్టూనే. బందరు, గుడివాడ, దివిసీమ, ఈ చుట్టుపక్కల ఆరు, ఏడు, ఎనిమిది తరగతుల సైన్సు ఎలా చెప్పారు, దానికి పరీక్ష ఎలా పెట్టారు, ఎవరెవరు మార్చాలని చూశారు, ఏమైంది.

బందరు నుంచే మొదలుపెడదాం. 1864 నవంబరు 1 రాత్రి బందరు మీదికి ఉప్పెన వచ్చింది. సుమారు 30,000 మంది పోయారని లెక్క. ఆ దెబ్బ నుంచి ఊరు తేరుకోకముందే, నాలుగేళ్ళకి, 1868 ఆగస్టు 18న అదే ఊరికి మద్రాసు నుంచి టెలిస్కోపులు మోసుకుని ఒక బృందం వచ్చింది. మద్రాసు అబ్జర్వేటరీ అధిపతి నార్మన్ పోగ్సన్ వాళ్ళ నాయకుడు. ఆ రోజు సంపూర్ణ సూర్యగ్రహణం, నీడ దారి సరిగ్గా మన మీద నుంచి. గుంటూరులో ఫ్రాన్సు నుంచి వచ్చిన జాన్సెన్, బందరులో పోగ్సన్. ఐదు నిమిషాలకు పైగా సూర్యుడు పూర్తిగా కప్పడిపోయాడు. ఆ కాసేపట్లో సూర్యుడి అంచు నుంచి లేచే మంటల వెలుగుని పట్టకం గుండా చూస్తే రంగురంగుల గీతలు కనిపించాయి. వాటిలో ఒకటి పసుపు గీత. సోడియం గీతకి దగ్గరగా ఉంది కానీ లెక్క సరిపోవట్లేదు. ఆ గీత ఏ మూలకానిదా అని ఇంగ్లండులో లాకియర్ లాంటివాళ్ళు పట్టుకుని కూర్చున్నాక దానికి హీలియం అని పేరొచ్చింది. భూమ్మీద అది రాంజే చేతికి దొరికింది 1895లో.

అంటే హీలియం కథలో బందరు ఉంది. పోగ్సన్ రిపోర్టు మద్రాసు దాటి పెద్దగా పోలేదు కాబట్టి ఆయన పేరు వెనకబడింది, అది వేరే గొడవ. నాకు ఆసక్తి ఏంటంటే, ఆ రోజు బందరు వీధుల్లో పిల్లలు కూడా ఆకాశం చూసే ఉంటారు కదా. వాళ్ళకి బళ్ళో ఏం చెప్పేవాళ్ళు?

అప్పటికి బందరులో పేరున్న బడి నోబుల్ గారిది. రాబర్ట్ నోబుల్ అనే మిషనరీ 1843లో పెట్టింది. ఇప్పటి నోబుల్ కాలేజీకి అదే మూలం. ఆయన ఉప్పెన మరుసటేడు, 1865లో, బందరులోనే పోయారు. అక్కడ ఇంగ్లీషు, బైబిలు, లెక్కలు ప్రధానం. పైన మద్రాసు యూనివర్సిటీ 1857లో వచ్చింది, దాని మెట్రిక్యులేషన్ పరీక్ష వచ్చింది. ఇక కింద ఉన్న ప్రతి క్లాసూ ఆ పరీక్ష వైపే మొహం తిప్పుకుంది. మీ తాతగారి తండ్రి "థర్డ్ ఫారం దాకా చదివా" అనేవారని ఇంట్లో వినుంటారు. ఫస్ట్ ఫారం అంటే ఇప్పటి ఆరు, థర్డ్ ఫారం అంటే ఎనిమిది. సిక్స్త్ ఫారం దాటితే గుమాస్తా ఉద్యోగం. సూర్యుడిలో పసుపు గీత తెలిసినందుకు ఎవరూ ఉద్యోగం ఇవ్వరు కదా.

ఇంకా చిన్న బళ్ళలో అయితే మరీ విచిత్రం. మద్రాసు ప్రెసిడెన్సీలో ఫలితాన్ని బట్టి గ్రాంటు అనే పద్ధతి ఉండేది. ఏడాదికోసారి ఇన్‌స్పెక్టరు వస్తాడు, పిల్లల్ని ఒక్కొక్కరినీ చదివిస్తాడు, రాయిస్తాడు, లెక్క చేయిస్తాడు. పాసైన తలకి ఇంత అని బడికి డబ్బు. అంటే పిల్లాడు తడబడితే పంతులుగారి పొయ్యి ఆరిపోద్ది. అలాంటప్పుడు ఏ పంతులైనా పిల్లల్ని కాలవ గట్టుకి తీసుకెళ్ళి చేప ఎలా ఊపిరి పీలుస్తుందో చూపిస్తాడా? ఇన్‌స్పెక్టరు అడిగేదే వల్లె వేయిస్తాడు. ఇప్పుడు ర్యాంకుల ఫ్లెక్సీలు చూసి "ఈ కాలం చదువులు" అని తిట్టుకుంటాం గానీ, దీని వేరు అక్కడుంది.

ఇప్పుడు ఈ కథలో నాకు బాగా ఇష్టమైన భాగం. 1907లో బిపిన్ చంద్ర పాల్ ఆంధ్రలో తిరిగారు, బందరులో ఉపన్యాసాలు ఇచ్చారు. వందేమాతరం రోజులు. ఆ వేడిలో పుట్టిన ఆలోచన, 1910లో బందరులో మొదలైన ఆంధ్ర జాతీయ కళాశాల. కోపల్లె హనుమంతరావు, కృష్ణాపత్రిక ముట్నూరి కృష్ణారావు, భోగరాజు పట్టాభి సీతారామయ్య, ఈ ముగ్గురూ దాని వెనక ఉన్నవాళ్ళు. హనుమంతరావు గారు ఎం.ఏ., లా చదివి కూడా ప్రాక్టీసు పక్కన పెట్టేసి దీనికే అంకితమైపోయారు. 1922లో, నలభై ఐదేళ్ళు నిండకుండానే పోయారు.

కళాశాల అని పేరే గానీ పిల్లల బడి కూడా దాని లోపలే. అక్కడ చదువుతో పాటు మగ్గం ఉంది, వడ్రంగం ఉంది, లోహం పని ఉంది, బొమ్మలు వేయడం ఉంది. జెండా రూపకర్తగా మనకు తెలిసిన పింగళి వెంకయ్య అక్కడ వ్యవసాయం చెప్పేవారు. మన బందరు పక్కన భట్లపెనుమర్రు ఆయనది. పత్తి విత్తనాల మీద ప్రయోగాలు చేసి పత్తి వెంకయ్య అనిపించుకున్న మనిషి. విత్తనం పాతి, కొలిచి, రాసుకుని, మళ్ళీ పాతేవాడు టీచరైతే సైన్సు క్లాసు ఎలా ఉంటుందో ఊహించుకోండి.

కానీ దీనికి ఒక ధర ఉంది. సర్కారు గుర్తింపు వద్దు, సర్కారు పరీక్ష వద్దు అనుకుని పెట్టిన బడి. వీళ్ళ సర్టిఫికెట్ పట్టుకెళ్తే కలెక్టరాఫీసులో చెల్లదు. ఆ రోజుల్లో ఒక రైతు కొడుకునో, గుమాస్తా కొడుకునో అక్కడ చేర్చడం అంటే, పిల్లాడి భవిష్యత్తుని ఒక ఆలోచన మీద పందెం కాయడమే. కొందరు కాశారు. చాలామంది కాయలేదు, వాళ్ళని తప్పు పట్టడానికి నాకు నోరు రాదు. తర్వాతి కాలంలో ఆ కళాశాల కూడా అందరూ నడిచే యూనివర్సిటీ పరీక్షల దారిలోకే వచ్చింది. అడివి బాపిరాజు 1935 నుంచి 39 దాకా అక్కడ ప్రిన్సిపాల్‌గా ఉన్నారని మాత్రం చెప్పి ముందుకెళ్తా, లేకపోతే ఈ ఎపిసోడ్ ఇక్కడే అయిపోద్ది.

ఒక్క మాట మాత్రం గుర్తుపెట్టుకోండి. పరీక్ష మార్చకుండా పాఠం మార్చొచ్చు అని వీళ్ళు అనుకోలేదు. పరీక్ష నుంచే బయటికి వెళ్ళిపోయారు. తర్వాత వచ్చినవాళ్ళంతా లోపల ఉండి మార్చాలని చూసినవాళ్ళే.

మధ్యలో భాష గొడవ ఒకటి ఉంది, త్వరగా చెప్పేస్తా. అప్పటి హైస్కూలు అంటే ఇంగ్లీషు మీడియమే. ఆ రోజుల్లోనే కృష్ణా జిల్లా పెనుగంచిప్రోలులో పుట్టిన కొమర్రాజు లక్ష్మణరావు 1906లో విజ్ఞాన చంద్రికా మండలి పెట్టి, రసాయనం, జీవశాస్త్రం, పదార్థ విజ్ఞానం తెలుగులో పుస్తకాలుగా తెప్పించారు. ఆమ్లజని, ఉదజని, నత్రజని, బొగ్గుపులుసు వాయువు లాంటి మాటలు జనం నోట్లోకి వచ్చింది అలాంటి పుస్తకాల వల్లే. బొగ్గుపులుసు వాయువు ఎంత మంచి మాటో చూడండి. బొగ్గు నుంచి వచ్చింది, నీళ్ళలో కలిస్తే పులుపు ఎక్కుతుంది. సగం పాఠం పేరులోనే ఉంది. ఇప్పుడు దాన్ని కార్బన్ డయాక్సైడ్ అంటున్నాం, తప్పేం లేదు. పేరు ఏదైనా, దాన్ని సున్నపుతేటలోకి ఊది తెల్లబడటం చూశావా లేదా అన్నది అసలు సంగతి. సున్నపుతేట చేయడానికి కావలసింది తమలపాకు సున్నం, నీళ్ళు, ఒక రాత్రి. ఇంతకంటే చవకైన ప్రయోగం ఉందా? అయినా మన చాలా బళ్ళలో అది రెండు మార్కుల జవాబుగానే బతికింది.

స్వాతంత్ర్యం వచ్చాక కమిషన్లు వరసగా వచ్చాయి. 1952-53లో లక్ష్మణస్వామి మొదలియారు కమిషన్ అందరికీ జనరల్ సైన్స్ ఉండాలంది, బయటి పరీక్షల పెత్తనం తగ్గించమంది, పిల్లాడు ఏడాది పొడవునా చేసిన పనికి రికార్డు ఉండాలంది. 1964-66లో కొఠారీ కమిషన్ పదో తరగతి దాకా సైన్సు, లెక్కలు అందరికీ తప్పనిసరి అంది. సైన్సు అందరికీ వచ్చింది, మంచిదే. బయటి పరీక్ష పెత్తనం మాత్రం ఎక్కడికీ పోలేదు. సిఫార్సుల్లో ఖర్చు లేనివి ముందు అమలవుతాయి, అలవాటు మార్చుకోవాల్సినవి చివరికి పోతాయి. మన ఆఫీసుల్లో కూడా అంతే లెండి.

ఇప్పుడు ఎడమ, కుడి దగ్గరికి వద్దాం.

1977 నవంబరు 19, శనివారం. ఉప్పెన అనగానే మన ఏజ్ వాళ్ళకి సినిమా గుర్తొస్తుంది. దివిసీమలో మాత్రం ఆ మాట అంటే ఆ తేదీ. తుఫాను దివిసీమకి పడమరగా, చీరాల వైపు తీరం దాటింది. నీళ్ళు మాత్రం దివిసీమ మీదికి వచ్చాయి. సుమారు ఐదారు మీటర్ల ఎత్తున, అంటే రెండంతస్తుల మేడ దాకా, సముద్రం లేచి నాగాయలంక, కోడూరు ప్రాంతాల పల్లెల మీద పడింది. అధికారిక లెక్క ప్రకారమే 10,000 మంది దాకా పోయారు. అంతకంటే ఎక్కువే అంటారు అక్కడివాళ్ళు.

తుఫాను కన్ను అక్కడ తీరం దాటితే, సముద్రం ఇక్కడెందుకు వచ్చింది? మీ ఫోన్‌లో మ్యాప్ తీయండి. చీరాల దగ్గర తీరం మీద చూపుడువేలు పెట్టండి. దాని చుట్టూ గడియారం ముళ్ళకి ఎదురుగా సున్నా చుట్టండి. భూమధ్యరేఖకి ఉత్తరాన తుఫాను గాలి తిరిగేది అలాగే. ఇప్పుడు మీ వేలు సున్నా కుడివైపున ఉన్నప్పుడు ఎటు కదులుతోంది? కింద నుంచి పైకి. అంటే సముద్రం మీద నుంచి నేల మీదికి. ఎడమవైపున? పై నుంచి కిందికి, నేల మీద నుంచి సముద్రంలోకి. కుడివైపున గాలి సముద్రాన్ని ఊళ్ళ మీదికి తోస్తుంది, ఎడమవైపున వెనక్కి తోస్తుంది. దివిసీమ కుడివైపు పడింది. తొమ్మిదో నంబరు జెండాలో దాగి ఉన్న విషయం ఇదే.

ఇంకోటి కూడా చూడండి. మనం బళ్ళో ఏం రాస్తాం? తుఫాను మధ్యలో పీడనం తక్కువ, అందుకే సముద్రం ఉబ్బుతుంది అని. నిజమే. ఒక మిల్లీబార్ పీడనం తగ్గితే నీళ్ళు సుమారు ఒక సెంటీమీటరు లేస్తాయి. ఎంత భయంకరమైన తుఫానులో అయినా ఆ లెక్కన మీటరు దాకా రావడమే కష్టం. మరి ఐదు మీటర్లు? మిగతాదంతా గాలి తోసిన నీళ్ళు. దానికి తోడు మన తీరం దగ్గర సముద్రం లోతు తక్కువ, తోసిన నీళ్ళు కిందికి దిగడానికి చోటు లేదు, పైకే లేవాలి. లేచాక ఎదురు వచ్చేది కృష్ణ తెచ్చి పోసిన చదును నేల, ఒక గుట్ట లేదు, ఒక మెట్ట లేదు. లెక్కలు, భౌతికశాస్త్రం, భూగోళం మూడూ కలిసిన పాఠం ఇది. కానీ మన బళ్ళో వీటికి ముగ్గురు సార్లు, మూడు పీరియడ్లు.

బళ్ళో సైన్సు బాగా చెప్పుంటే ఆ పదివేలమంది బతికేవాళ్ళని నేను అనట్లేదు. అలా అంటే చనిపోయినవాళ్ళని అవమానించినట్టు. వాళ్ళకి ఎక్కి నిలబడటానికి పక్కా మేడ లేదు, తుఫాను షెల్టర్లు అప్పటికి లేవు, అవి వచ్చింది ఆ తర్వాతే. పారిపోవడానికి సరైన రోడ్డు లేదు. నేను అనేది ఇంకోటి. 1864లో బందరు, 1977లో దివిసీమ. 113 ఏళ్ళ తేడాతో రెండు ఉప్పెనలు తిన్న నేల ఇది. ఇక్కడి ఏడో తరగతి పిల్లాడికి ఉప్పెన ఎలా వస్తుందో తెలియడం జనరల్ నాలెడ్జి కాదు. ఈత నేర్చుకోవడం లాంటిది. మరి 1977 తర్వాతైనా మన పరీక్ష పేపరు మారిందా? ఆదిలాబాద్ పిల్లాడికీ నాగాయలంక పిల్లాడికీ ఒకటే పుస్తకం, ఒకటే ప్రశ్న. న్యాయం కోసమే అలా పెట్టారు. అందరికీ ఒకే కొలత అనేది మంచి ఉద్దేశమే, కాకపోతే ఆ కొలతలో ఎవరి ఊరూ పట్టదు.

ఇక లోపల ఉండి మార్చాలని చూసిన పెద్ద ప్రయత్నం దగ్గరికి వద్దాం. విద్యాహక్కు చట్టం 2009లో వచ్చింది, 2010 ఏప్రిల్ 1 నుంచి అమలు. ఎనిమిదో తరగతి దాకా బోర్డు పరీక్ష వద్దు, నిరంతర సమగ్ర మూల్యాంకనం చేయండి అంది. మనం సీసీఈ అంటాం. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 2011లో కొత్త పాఠ్యప్రణాళిక రాసుకుంది, 2012 నుంచి కొత్త పుస్తకాలు వచ్చాయి. ఆ పుస్తకాలు ఒకసారి తిరగేయండి, నిజంగా బాగుంటాయి. సైన్సుకి విద్యా ప్రమాణాలు అని ఏడు పెట్టారు. విషయావగాహన ఒకటి మాత్రమే. ప్రశ్నించడం, పరికల్పన చేయడం ఇంకోటి. ప్రయోగాలు, క్షేత్ర పరిశీలనలు ఒకటి. సమాచార సేకరణ, ప్రాజెక్టులు ఒకటి. బొమ్మలు, నమూనాలు ఒకటి. ప్రకృతిని మెచ్చుకోవడం ఒకటి, నిజజీవితంలో వాడుకోవడం ఒకటి. ప్రశ్నపత్రంలో అవగాహనకి 40 శాతమే. మిగతా 60 శాతం వీటన్నిటికీ. ఫార్మేటివ్ 50 మార్కుల్లో లఘు పరీక్ష, అదే స్లిప్ టెస్టు, 20కే. క్లాసులో పాల్గొనడానికి 10, రాత పనికి 10, ప్రాజెక్టుకి 10.

కాగితం మీద చూస్తే జాతీయ కళాశాల వాళ్ళు కలగన్న బడి ఇదే అనిపిస్తుంది. విత్తనం పాతు, చూడు, రాసుకో, అడుగు. ఈసారి సర్టిఫికెట్ కూడా చెల్లుతుంది. మరి ఏమైంది?

గైడ్లు వచ్చాయి. నవ్వకండి, ఇది విషాదం. ప్రశ్నించడం అనే ప్రమాణానికి ప్రశ్న ఎలా ఉంటుందంటే, ఫలానా జబ్బు గురించి తెలుసుకోవడానికి నీవు డాక్టరుగారిని ఏ ప్రశ్నలు అడుగుతావు, అని. మంచి ప్రశ్న. పిల్లాడి బుర్రలో ఏ సందేహం ఉందో బయటపడుతుంది. గైడ్లు ఏం చేశాయంటే, డాక్టరుగారిని అడగాల్సిన ప్రశ్నలు ఒకటి, రెండు, మూడు, నాలుగు అని వేసేశాయి. పిల్లలు ఆ ప్రశ్నల్ని బట్టీ కొట్టారు. జవాబు బట్టీ పట్టడం మనకు పాత విద్యే. ప్రశ్నని బట్టీ పట్టడం ప్రపంచంలో ఇంకెక్కడైనా ఉందా అని నా డౌటు.

ప్రాజెక్టుల సంగతి మీకు నేను చెప్పాలా? ఇంటర్నెట్ సెంటర్లో రెడీగా ప్రింట్లు, చార్టు మీద స్కెచ్ పెన్నుతో అక్క రాసిపెట్టిన హెడ్డింగ్. మా ఊరి చెరువులో జీవవైవిధ్యం అనే ప్రాజెక్టులో ధ్రువపు ఎలుగుబంటి స్టిక్కర్ అతికించిన మహానుభావుణ్ణి నాకు తెలుసు. పదికి పది వచ్చాయి.

టీచర్లని అంటే నాకు మనసొప్పదు. ఒక్క బయాలజీ టీచరు రెండు మూడు క్లాసులకి, ఒక్కో క్లాసులో నలభై మందికి, ఏడాదికి నాలుగు ఫార్మేటివ్‌లకి, నాలుగేసి గడుల్లో మార్కులు వేయాలి. ఆ రిజిస్టర్లు నింపడానికే సాయంత్రాలు చాలవు. పిల్లల్ని గమనించమని పెట్టిన పద్ధతి, గమనించినట్టు రాయడమే పనిగా మారిపోయింది. ఇన్‌స్పెక్టరు కోసం వల్లె వేయించిన పాత పంతులుగారికీ, రిజిస్టరు కోసం ప్రాజెక్టు తెమ్మనే టీచరుకీ కష్టం ఒకటే. పైవాళ్ళు ఏది లెక్కపెడతారో అదే తయారవుతుంది. కోడ్ రాసేవాళ్ళకి ఇది కొత్త కాదు, ఎన్ని టికెట్లు మూశావని లెక్కపెడితే టికెట్లు మూయడమే పనవుద్ది, బగ్ మాత్రం అక్కడే ఉంటుంది.

ఆ తర్వాత ఓఎంఆర్ షీటు మీద బబుల్ దిద్దే పరీక్షలు ఆరు, ఏడు తరగతుల దాకా కూడా దిగాయి. వాటితో ఏ పిల్లాడు ఎక్కడ వెనకబడ్డాడో త్వరగా తెలుస్తుంది, కాదనను. కానీ సున్నపుతేట తెల్లబడటాన్ని బబుల్‌లో ఎలా దిద్దుతాం?

ల్యాబు లేదు అనే మాట చాలా వింటాం. నేను చదివిన ఒక బళ్ళో ల్యాబు అంటే తాళం వేసిన ఒక బీరువా. అద్దంలోంచి గాజు సామాను కనిపించేది, అంతవరకే. కానీ మన చుట్టుపక్కల చూస్తే అడుగడుగునా ల్యాబే. బందరు పక్కన పెడన వెళ్ళండి, కలంకారీ. గుడ్డని కరక్కాయ నీళ్ళలో, పాలలో ముంచి ఆరేస్తారు. తుప్పు పట్టిన ఇనుము, బెల్లం నీళ్ళలో రోజుల తరబడి ఊరబెట్టి చేసిన ద్రావణాన్ని ఆ గుడ్డ మీద అద్దితే నల్లగా తేలుతుంది. ఇనుము, కరక్కాయలోని టానిన్ కలిసి చేసే పని అది. పటిక అద్దిన చోట మాత్రమే వేళ్ళ రంగు పట్టి ఎర్రగా వస్తుంది. పటిక లేని చోట ఉడికించినా, ఉతికినా రంగు నిలవదు. రసాయన చర్య అంటే ఏమి అని అడిగే ముందు ఈ గుడ్డ ముక్క చేతిలో పెట్టొచ్చు కదా. బందరులోనే చిలకలపూడి, మనం రోల్డ్ గోల్డ్ అని పిలిచే నగలు. విద్యుత్తు ద్రావణం గుండా పోయి లోహం మీద లోహం పూత ఎక్కడం ఎనిమిదో తరగతి స్థాయి పాఠం. ఆ పూత వేసే ఇళ్ళ పిల్లలు అదే ఊళ్ళో బడికొస్తారు. వాళ్ళ నాన్న చేసే పని మీదే వాళ్ళకి పరీక్ష, అది నాన్న పని అని మాత్రం పేపర్లో ఉండదు.

మా గుడివాడ వైపు వస్తే కైకలూరు దాకా చేపల చెరువులు. చెరువు మీద పనిచేసే ఎవర్నైనా అడగండి, చేపలు నోళ్ళు తెరుచుకుని పైకి తేలేది ఎప్పుడని. తెల్లారుజామున అంటారు. పగలు నీళ్ళలోని నాచు కిరణజన్య సంయోగక్రియ చేసి ఆక్సిజన్ వదులుతుంది. రాత్రి ఆ పని ఆగిపోతుంది, ఊపిరి పీల్చడం మాత్రం నాచూ, చేపా రెండూ ఆపవు. తెల్లారేసరికి నీళ్ళలో ఆక్సిజన్ అడుగంటుతుంది. అందుకే ఆ టైమ్‌లో ఏరియేటర్లు తిప్పుతారు. మబ్బు పట్టిన రోజు మరీ జాగ్రత్త. మొక్కలు రాత్రిపూట ఏ వాయువు పీల్చును, రెండు మార్కులు, అని అడగడం కంటే, మీ మావయ్య రాత్రి మూడింటికి చెరువు మీదికి ఎందుకు పరిగెత్తాడు అని అడిగితే? ఆ జవాబుకి గైడు పనికిరాదు.

ఇలా చెప్పాలని చూసినవాళ్ళు లేకపోలేదు. జన విజ్ఞాన వేదిక వాళ్ళ చెకుముకి పత్రిక, హైస్కూలు పిల్లలకి వాళ్ళు పెట్టే చెకుముకి పోటీలు చాలామందికి గుర్తుండే ఉంటాయి. కానీ అవి సిలబస్ బయట, ఆసక్తి ఉన్న టీచరు దొరికిన చోట.

ఇక 2022 సంగతి చెప్పాలి. ఎన్‌సీఈఆర్‌టీ ఏడో తరగతి సైన్సు పుస్తకంలో గాలులు, తుఫానులు, చక్రవాతాలు అని ఒక పాఠం ఉండేది. 1999 అక్టోబరు ఒడిశా సూపర్ సైక్లోన్‌తో మొదలవుతుంది. డబ్బా వేడిచేసి మూత పెట్టి చల్లటి నీళ్ళు పోస్తే అది నొక్కుకుపోవడం, రెండు బెలూన్ల మధ్య ఊదితే అవి దగ్గరికి రావడం, అలాంటి ప్రయోగాలతో గాలి పీడనం చెప్పి, తుఫాను ఎలా పుడుతుందో చెప్పి, వస్తే ఏం చేయాలో కూడా చెప్పిన పాఠం. కోవిడ్ తర్వాత పిల్లల మీద బరువు తగ్గించాలని సిలబస్ తగ్గించినప్పుడు ఆ పాఠం మొత్తం తీసేశారు. వాతావరణం, శీతోష్ణస్థితి పాఠం, నేల పాఠం, నీళ్ళ పాఠం కూడా పోయాయి. మన రాష్ట్ర పుస్తకాల లెక్క వేరు, కానీ ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకం చదివే పిల్లలు కృష్ణా తీరంలోనూ ఉన్నారు. బరువు తగ్గించాలన్నప్పుడు ఏది తీయాలి అనేది ఢిల్లీలో కూర్చుంటే ఒకలా కనిపిస్తుంది, హంసలదీవి ఒడ్డున నిలబడితే ఇంకోలా కనిపిస్తుంది.

ఆ మరుసటేడే, 2023 డిసెంబరు 5న, మిచాంగ్ తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటింది. ఈ ఎపిసోడ్ నుంచి మీకు ఒకటే ప్రశ్న, మార్కులు లేవు, గైడూ లేదు. మ్యాప్ తీయండి. బాపట్ల మీద వేలు పెట్టండి, సున్నా చుట్టండి. దివిసీమ ఎటు వైపు పడింది? బందరుకి ఏ నంబరు జెండా ఎగరేయాలి? ఇంట్లో ఆరో క్లాసో ఏడో క్లాసో చదివే తమ్ముడు, చెల్లి ఉంటే వాళ్ళ చేత వేలు పెట్టించండి.